ఎఫ్‌ఐఆర్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జి పేరుంది, కంపెనీ పేరేది?

ప్రశ్న: మాది గాజువాక. మా తమ్ముడు పరవాడ వైపు ఒక కెమికల్ కంపెనీలో కాంట్రాక్టు హెల్పరుగా చేసేవాడు. రియాక్టర్లోకి సాల్వెంటు ఎక్కిస్తుంటే మంట లేచి ఒళ్ళంతా కాలింది, మూడో రోజు ఆస్పత్రిలో పోయాడు. పోలీసులు షిఫ్ట్ ఇన్‌చార్జి ఒక్కడి మీదే కేసు కట్టారు. ఆయన మా పక్క వీధి మనిషే. ఎగ్జాస్ట్ బ్లోయర్ పనిచేయట్లేదని వారాల ముందు నుంచే లాగ్ బుక్కులో రాస్తూ వచ్చానని ఏడుస్తున్నాడు. కంపెనీ వాళ్ళు చెక్కు తెచ్చారు, దాంతోపాటు 'ఇక మాకు ఏ కేసూ వద్దు' అని రాసిన స్టాంపు కాగితం కూడా తెచ్చారు. కంపెనీని జైల్లో పెట్టలేరు కదా, జరిమానా కట్టి దులుపుకుంటారు, మనకెందుకు కోర్టులు అని మా చిన్నాన్న అంటున్నాడు. కేసు పెద్దదైతే ఫ్యాక్టరీ మూసేస్తారు, మా పొట్ట కొట్టకండి అని తమ్ముడి తోటి కుర్రాళ్ళు అంటున్నారు. కంపెనీ మీద కేసు పెట్టొచ్చా? పెడితే శిక్ష ఏముంటుంది? — ఒక అక్క

సమాధానం:

అమ్మా, మీ తమ్ముడి సంగతి చదివి చాలా బాధేసింది. ఆ స్టాంపు కాగితం గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే దానికి టైము లేదు. దాని మీద సంతకం పెట్టకండి. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు ఇరుపక్షాలూ మాట్లాడుకుని రాజీ పడే రకం కాదు. అయినా కుటుంబానికి అభ్యంతరం లేదన్న కాగితం చేతిలో ఉంటే, దాన్ని పట్టుకుని కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్ళేవాళ్ళు ఉంటారు. ఆ స్టాంపు కాగితం అందుకే. ఇక చెక్కు సంగతి. పనిలో చనిపోయిన మనిషికి చట్టప్రకారం రావలసిన పరిహారాన్ని కంపెనీ నేరుగా ఇంటికొచ్చి చేతిలో పెడితే కట్టినట్టు లెక్క కాదు, సంబంధిత అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. మీ తమ్ముడికి ఈఎస్ఐ ఉంటే ఆ దారిలో నెలనెలా పింఛను వస్తుంది. రెండిట్లో ఏదైనా అది మీ హక్కు. దానికి బదులుగా మీరు ఏమీ రాసివ్వక్కర్లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టొచ్చా అంటే, నిస్సందేహంగా పెట్టొచ్చు. భారతీయ న్యాయ సంహితలో 'వ్యక్తి' అన్న మాటలో కంపెనీ కూడా ఉంది, పాత ఐపీసీలోనూ ఉండేది. మీ చిన్నాన్న లేవనెత్తిన సందేహం సుప్రీంకోర్టుకే వచ్చింది. చట్టం జైలూ జరిమానా రెండూ తప్పనిసరి అంటోంది, కంపెనీని జైల్లో పెట్టలేం, మరి ఆ నేరానికి కంపెనీని విచారించడం ఎలా అని. 2003లో ఒక తీర్పు విచారించలేమనే చెప్పింది. రెండేళ్ళు తిరక్కుండానే, 2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ముగ్గురి మెజారిటీతో దాన్ని పక్కన పెట్టింది. జైలు కుదరకపోతే జరిమానా వేయండి, అంతేగానీ జైల్లో పట్టదన్న ఒక్క కారణంతో కంపెనీని వదిలేయడానికి వీల్లేదంది. 2010లో ఇరిడియం, మోటరోలా కేసులో ఇంకో అడుగు ముందుకేసి, కంపెనీని నడిపించేవాళ్ళ బుద్ధినే కంపెనీ బుద్ధిగా తీసుకోవచ్చు, కాబట్టి దురుద్దేశం కావాల్సిన నేరాలకు కూడా కంపెనీని బోనెక్కించవచ్చు అంది. నిందితుల్లో కంపెనీ ఉంటే కోర్టుకు దాని తరఫున ఎవరు రావాలి, ఎలా రావాలి అన్నది కూడా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 342వ సెక్షన్‌లో రాసే ఉంది. అంటే చట్టంలో దారి ఉంది, కానీ స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ రాసేటప్పుడు ఆ దారిన వెళ్ళడం మనవాళ్ళకి అలవాటు లేదు.

మన జిల్లాల్లో ప్రమాదం జరిగిన ప్రతిసారీ టీవీలో 'యాజమాన్య నిర్లక్ష్యం' అంటారు, కాగితం మీదికి వచ్చేసరికి అది ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషి నిర్లక్ష్యం అవుతుంది. ఎల్జీ పాలిమర్స్ దగ్గర పరిస్థితి వేరు, అక్కడ 2020 మే 7న స్టైరీన్ ఆవిరికి 12 మంది పోయాక, హైపవర్ కమిటీ నివేదిక వచ్చాక జులైలో ఆ కంపెనీ సీఈవోతో సహా 12 మందిని అరెస్టు చేశారు. దేశమంతా చూస్తున్న కేసు కాబట్టి అంతవరకు వెళ్ళింది. ఒక్క కాంట్రాక్టు హెల్పరు పోయిన కేసులో ఎవరు అంత పైకి వెళ్తారు? కుటుంబం అడగాల్సిందే. పైగా 'అతను మా మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి' అని కూడా అంటారు చూడండి, దానికి భయపడకండి. కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాడినీ, 2025 నవంబర్ 21కి ముందు అమల్లో ఉన్న పాత ఫ్యాక్టరీల చట్టం ఆ ఫ్యాక్టరీ కార్మికుడిగానే లెక్కించేది.

మీ కేసు మొత్తానికి ప్రాణం ఆ లాగ్ బుక్కు. రియాక్టర్లోకి సాల్వెంటు ఎక్కిస్తున్నప్పుడు పైపులో, డ్రమ్ములో ఆ ద్రవం ఒరుసుకుంటూ పారి స్టాటిక్ కరెంటు (నిప్పురవ్వ పుట్టించే స్థిర విద్యుత్తు) పేరుకుంటుంది, అందుకే డ్రమ్ముకి ఎర్తింగ్ క్లిప్పు పెడతారు. మ్యాన్‌హోల్ దగ్గర లేచే ఆవిరిని లాగేయడానికి బ్లోయర్ ఉంటుంది. బ్లోయర్ ఆగిపోతే ఆవిరి అక్కడే, మనిషి మొహం ఎత్తులోనే పేరుకుంటుంది, ఇక చిన్న నిప్పురవ్వ చాలు. ఇది ఆ కంపెనీలో ప్రతి ఇంజినీరుకీ తెలిసిన విషయమే, ఎవరికీ కొత్త కాదు. కాబట్టి బ్లోయర్ చెడిపోయిందని షిఫ్ట్ ఇన్‌చార్జి రాసిన రోజు నుంచి మంట లేచిన రోజు దాకా మధ్యలో ఏం జరిగిందో అదే మీ కేసు. ఆ లైను కింద మెయింటెనెన్సు వాళ్ళ సంతకం ఉందా? మోటారు కొనమని ఇండెంటు (కొనుగోలు కోరే కాగితం) పెట్టారా? పెడితే పర్చేజులో ఎవరి టేబుల్ మీద ఆగింది, ఎందుకు ఆగింది? బ్లోయర్ లేకుండానే బ్యాచ్ నడపమని ఎవరు చెప్పారు, వాట్సాప్‌లోనా ఫోన్లోనా? ఆ రోజు వర్క్ పర్మిట్ మీద 'వెంటిలేషన్ సరిగా ఉంది' అన్న గడిలో టిక్కు పెట్టింది ఎవరు? ఈ కాగితాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెడితే, నేరం చేసింది ఆ డ్యూటీ మనిషి ఒక్కడా, లేక ఖర్చు వాయిదా వేసి ప్రొడక్షన్ ఆపని కంపెనీయా అన్నది ఎవరూ వాదించకుండానే కనిపిస్తుంది. ప్రమాదం ఉందని కార్మికులు ముందే చెప్తే వెంటనే సరిచేయాలని పాత ఫ్యాక్టరీల చట్టం 41హెచ్ సెక్షన్ చెప్పేది, కెమికల్, ఫార్మా యూనిట్లకు అది వర్తించేది. దాన్ని ఉల్లంఘిస్తే ఆ చట్టంలో 7 సంవత్సరాల దాకా జైలు ఉండేది. మీ తమ్ముడి తోటివాళ్ళు కూడా ఆ బ్లోయర్ గురించి ఎవరికైనా చెప్పి ఉంటే ఆ మాట చాలా విలువైనది.

షిఫ్ట్ ఇన్‌చార్జిది తప్పే లేదని నేను అనను, అది కోర్టు తేల్చాలి. బ్లోయర్ లేదని తెలిసీ పని ఆపలేదు కదా అని ప్రభుత్వ లాయరు అడుగుతాడు, అడగాలి కూడా. కానీ ఆపితే అతని ఉద్యోగం ఉంటుందా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే, దానికి జవాబు కంపెనీ చెప్పాలి. కింది మనిషి ఒక్కణ్ణే బోనెక్కిస్తే ఈ రెండో ప్రశ్న కోర్టులోకే రాదు. అమెరికాలో 2010లో బీపీ కంపెనీ కోసం పనిచేస్తున్న సముద్రపు రిగ్గు పేలి 11 మంది పోయారు. అక్కడ రిగ్గు మీదున్న ఇద్దరు సూపర్‌వైజర్ల మీద ప్రాణనష్టం కేసులు పెట్టారు, చివరికి 2015లో అవి ఎత్తేశారు. కంపెనీని మాత్రం విడిగా నిందితురాలిగా చేశారు కాబట్టి అది నేరం ఒప్పుకుని 400 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఆ ఇద్దరి మీదే ఆధారపడి ఉంటే ఆ 11 కుటుంబాలకు ఏం మిగిలేదో ఆలోచించండి.

డైరెక్టర్ల గురించి ఒక జాగ్రత్త. కోపంలో బోర్డులో ఉన్న అందరి పేర్లూ ఫిర్యాదులో రాయకండి. డైరెక్టర్ అయినంత మాత్రాన నేరస్తుడు కాడు, అతను స్వయంగా ఏదైనా చేసినట్టు ఆధారం ఉండాలి, లేదా ఆ చట్టమే అతన్ని బాధ్యుణ్ణి చేసి ఉండాలి అని సుప్రీంకోర్టు 2015లో సునీల్ భారతీ మిట్టల్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆధారం లేని పేర్లు పది రాస్తే ఆ పది మందీ హైకోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకుంటారు, మీ కేసు ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉంటుంది. ఫ్యాక్టరీ భద్రతా చట్టాల్లో మాత్రం దారి సులువు, కంపెనీ ఫ్యాక్టరీకి 'ఆక్యుపయర్'గా, అంటే చట్టం దృష్టిలో ఆ ఫ్యాక్టరీకి బాధ్యుడిగా, ఒక డైరెక్టరే ఉండాలి, మేనేజర్ని ముందు పెట్టి డైరెక్టర్లు వెనక్కి తప్పుకోడానికి వీల్లేదు. ఆ పేరు ఫ్యాక్టరీ లైసెన్సు కాగితాల్లోనే ఉంటుంది.

ఇక శిక్ష. ఇక్కడ మీ చిన్నాన్న మాటలో సగం నిజముంది, ఆ సగం నన్ను కూడా బాధపెడుతుంది. భోపాల్‌లో వేలమంది పోయిన 1984 నాటి ఘటనకి కింది కోర్టు తీర్పు 2010 జూన్ 7న వచ్చింది. ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ళ చొప్పున జైలు, యూనియన్ కార్బైడ్ ఇండియా కంపెనీకి 5 లక్షల చిల్లర జరిమానా. 1996లో సుప్రీంకోర్టు అభియోగాన్ని నిర్లక్ష్యం స్థాయికి తగ్గించడంతో, కింది కోర్టు చేతిలో అంతకుమించి మిగల్లేదు. మన పాత ఫ్యాక్టరీల చట్టంలో చావుకి కారణమైన ఉల్లంఘనకి జరిమానా 25 వేలకు తగ్గకూడదు అని ఉండేది, మొత్తమ్మీద లక్ష దాకా. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లో అదే తప్పుకి రెండేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా మృతుడి కుటుంబానికి ఇవ్వమని కోర్టు చెప్పవచ్చు. మీ తమ్ముడి ప్రమాదం ఆ తేదీకి ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి ఏ చట్టమో తేలుతుంది. పాత చట్టమైతే ఇన్‌స్పెక్టరు తనకు తెలిసిన 3 నెలల్లోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి, వేశారో లేదో వెంటనే కనుక్కోండి.

మిగతా సగం మీ చిన్నాన్నకి తెలిసి ఉండదు. న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద, నిర్లక్ష్యంతో మరణానికి, ఐదేళ్ళ దాకా జైలుతో పాటు జరిమానా ఉంది, ఆ జరిమానా ఎంత అని సెక్షన్ చెప్పలేదు. ఎంత అని చెప్పని చోట జరిమానాకి పైహద్దు లేదు, మరీ అతిగా ఉండకూడదు అంతే, అని 8వ సెక్షన్ చెప్తుంది. చిక్కు ఎక్కడంటే, ఈ కేసులు మామూలుగా ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ముందుకు వెళ్తాయి, ఆయన వేయగలిగిన గరిష్ఠ జరిమానా 50 వేలు. కోట్ల టర్నోవరున్న కంపెనీకి 50 వేలు! చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటుకి ఆ 50 వేల హద్దు లేదు. తన చేతిలో ఉన్న శిక్ష చాలదనుకుంటే కింది మేజిస్ట్రేటు కేసును ఆయనకు పంపే వీలు నాగరిక్ సురక్షా సంహిత 364వ సెక్షన్‌లో ఉంది. కంపెనీ నిందితుల్లో ఉన్నప్పుడు ఈ కోరిక మీ లాయరు ముందే రాతపూర్వకంగా పెట్టాలి. దీని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు, నా లెక్కలో మాత్రం మీ కేసులో లాగ్ బుక్కు తర్వాత అంత ముఖ్యమైనది ఇదే. ప్రమాదం ఖాయమని తెలిసే నడిపించారని కాగితాలు చూపిస్తే న్యాయ సంహిత 105వ సెక్షన్ (హత్య కిందికి రాని ప్రాణహరణం) పెట్టమని అడగవచ్చు, అప్పుడు కేసు సెషన్స్ కోర్టుకే వెళ్తుంది.

ఒక విషయంలో చాలామంది పొరబడతారు. ఎల్జీ పాలిమర్స్ చేత గ్రీన్ ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చేయించింది, ప్రభుత్వం మృతుల కుటుంబాలకు కోటి చొప్పున ఇచ్చింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసైన్షియా ప్రమాదంలో 17 మంది పోయినప్పుడు కూడా కోటి ప్రకటించారు. ఇవన్నీ పరిహారాలే. కావాలి, రావాలి. ప్రమాదకరమైన వ్యాపారం చేసేవాడు ఎంత పెద్దవాడైతే అంత పెద్ద పరిహారం కట్టాలని సుప్రీంకోర్టు 1986లోనే ఢిల్లీ ఓలియం గ్యాసు కేసులో అంది. కానీ 'నువ్వు నేరం చేశావు' అని కోర్టు ఒక కంపెనీ పేరు పెట్టి చెప్పడం వేరు. ఆ తీర్పు రికార్డులో ఉంటుంది, రేపు అదే కంపెనీ మళ్ళీ అదే తప్పు చేస్తే ఇది మొదటిసారి అని చెప్పుకోలేదు.

మన చట్టంలో నాకు పెద్ద లోటుగా కనిపించేది, దోషి అని తేలిన కంపెనీని తర్వాత ఎవరు కనిపెట్టుకుని ఉంటారన్నది. అమెరికాలో 1991 నవంబర్ నుంచి సంస్థలకు శిక్ష ఎలా వేయాలో ప్రత్యేకంగా మార్గదర్శకాలున్నాయి. పైవాళ్ళకి తెలిసే జరిగిందా, పాత నేరచరిత్ర ఉందా, విచారణకి అడ్డుపడ్డారా అని చూసి శిక్ష పెంచుతారు. నిజంగా పనిచేసే భద్రతా వ్యవస్థ ముందే ఉంటే, తప్పు తామే వచ్చి చెప్పుకుంటే తగ్గిస్తారు. కంపెనీని ఐదేళ్ళ దాకా ప్రొబేషన్‌లో, అంటే కోర్టు నిఘాలో పెట్టి బయటి పర్యవేక్షకుణ్ణి కూర్చోబెట్టవచ్చు, బీపీకి అలాగే చేశారు. బ్రిటన్‌లో కంపెనీ వల్ల మనిషి ప్రాణం పోతే కేసు పెట్టడానికి 2007లో విడిగా చట్టమే చేశారు. లోపం సరిచేయమని, తన నేరాన్ని తానే ప్రకటించుకోమని కోర్టు ఆ కంపెనీని ఆదేశించగలదు. ఆ చట్టం కింద మొదటి శిక్ష పడింది, గొయ్యి కూలి ఒక యువ భూగర్భ శాస్త్రవేత్త పోయిన కేసులో, ఒక చిన్న కంపెనీకి. 2011లో 3,85,000 పౌండ్లు, పదేళ్ళ వాయిదాల్లో. మన దగ్గర ఇంత లేదు. కానీ ప్లాంటు తిరిగి నడపడానికి ఇచ్చే అనుమతిలో షరతులు పెట్టమని ఫ్యాక్టరీల శాఖనీ, కాలుష్య నియంత్రణ మండలినీ అడిగే హక్కు మీకుంది, అడగండి.

ఇక ఆ కుర్రాళ్ళ మాట. వాళ్ళ భయం నిజమైనది, వాళ్ళ మీద కోప్పడకండి. కంపెనీ కూలితే ముందు రోడ్డున పడేది వాళ్ళే. అమెరికాలో ఆర్థర్ ఆండర్సన్ ఆడిటింగ్ సంస్థకి, దివాలా తీసిన ఎన్రాన్ కంపెనీ కాగితాలు చింపించిన కేసులో 2002లో శిక్ష పడితే, 85 వేల మంది ఉన్న ఆ సంస్థ కుప్పకూలింది, 2005లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసేసరికి మిగిలిందేమీ లేదు. మన సత్యం కంప్యూటర్స్‌లో ఇంకోలా జరిగింది. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడగానే ప్రభుత్వం పాత బోర్డును తీసేసి కొత్తవాళ్ళని పెట్టింది, కొన్ని నెలల్లోనే సంస్థ టెక్ మహీంద్రా చేతికి వెళ్ళింది, పని ఆగలేదు. మోసం చేసినవాళ్ళ మీద కేసు నడిచి, 2015లో హైదరాబాద్ కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది, అప్పీల్లో ఆ శిక్ష అమలు ఆగింది. కాబట్టి మీరు ఫ్యాక్టరీ మూసేయమని అడగట్లేదని ఆ పిల్లలకి సూటిగా చెప్పండి. బ్లోయర్ బిగించి నడపమని అడుగుతున్నారు, బిగించని ఖర్చు మిగుల్చుకున్నవాళ్ళని శిక్షించమని అడుగుతున్నారు. రేపు ఆ రియాక్టర్ దగ్గర నిలబడేది వాళ్ళే కదా.

చేయాల్సిన పనులు. ముందు జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు. ఆ లాయరు చేత దర్యాప్తు అధికారికి, పై అధికారికి రాతపూర్వకంగా కంపెనీని నిందితుల్లో చేర్చమని, లాగ్ బుక్కు, ఇండెంట్లు, వర్క్ పర్మిట్లు, సీసీ కెమెరా రికార్డు సీజ్ చేయమని అర్జీ పెట్టించండి, ఆలస్యమైతే ఆ పుస్తకంలో పేజీలు మిగలకపోవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు చెప్పడం ఇప్పుడు పోలీసుల బాధ్యత. చార్జిషీటులో కంపెనీ పేరు లేకపోతే కోర్టులో అభ్యంతరం వేయవచ్చు, విచారణ మొదలయ్యాక కూడా సాక్ష్యాన్ని బట్టి నాగరిక్ సురక్షా సంహిత 358వ సెక్షన్ కింద చేర్చమని అడగవచ్చు. ప్రభుత్వ లాయరు పక్కన మీ లాయరు కూడా ఉండేందుకు అనుమతి తీసుకోండి. నిందితుల్ని విడుదల చేసినా, పరిహారం తక్కువ వేసినా అప్పీలు మీరే వేసుకోవచ్చు. ఫ్యాక్టరీల శాఖ ప్రమాదం మీద రాసిన నివేదిక కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి.

ఆ ఇన్‌చార్జితో కూడా మాట్లాడండి, శత్రువులా చూడకండి. లాగ్ బుక్కు ఫొటో అతని ఫోన్లో ఉందేమో అడగండి, పై అధికారులతో చేసిన మెసేజ్‌లు డిలీట్ చేయొద్దని చెప్పండి. కంపెనీ తరఫు లాయరే తన కేసు కూడా చూస్తానంటే ఒప్పుకోవద్దని, తనకంటూ వేరే లాయర్ని పెట్టుకోమని గట్టిగా చెప్పండి. తన కోసం కంపెనీ పెట్టిన లాయరు కంపెనీకి వ్యతిరేకంగా ఆ పుస్తకం కోర్టులో తెరవడు.